గంగప్ప స్ప్రింగులకు ముప్పై ఒక్క సాక్ష్యాలు

నవంబర్ 3, సోమవారం

ఈ రోజు కంపెనీ ప్రారంభించాను. పేరు వెలుగు డిజిటల్. చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు, మ్యాప్‌లో పేజీలు, ఆన్‌లైన్ ప్రచారం. ఉద్యోగులు ఒక్కరు. ఆ ఒక్కరూ తొమ్మిదిన్నరకు లేచారు. మొదటి రోజు కదా అని ఏమీ అనలేదు.

స్కూలుకి నేనే రాజీనామా ఇచ్చాను. పద్నాలుగేళ్ళు కంప్యూటర్ టీచర్‌గా చేశాక ఎవరికైనా విసుగొస్తుంది.

మా ఆయన శామ్సన్ డ్యూటీకి వెళ్తూ, "ఎవాంజెలిన్, మధ్యాహ్నం గ్యాస్ బండ వస్తుంది, ఇంట్లోనే ఉండు" అన్నాడు. కంపెనీ యజమానితో మాట్లాడే పద్ధతి అది కాదు. ఆసుపత్రి ల్యాబ్‌లో పద్దెనిమిదేళ్ళుగా రక్తం తీస్తున్న మనిషికి మార్కెటింగ్ గురించి చెప్పి లాభం లేదు. బండ రెండింటికి వచ్చింది. తీసుకున్నాను.

నవంబర్ 9, ఆదివారం

మొదటి క్లయింట్ దొరికారు. గంగప్ప గారు. నా దగ్గర చదివిన ఆశకు తాత. ఆయన కూతురు ఇక్కడే సర్జాపురలో ఉంటుంది కాబట్టి ఆదివారాలు మనవరాలిని చూడటానికి వస్తారట. ఆశే వెంటబెట్టుకుని తీసుకొచ్చింది. పీణ్య పారిశ్రామికవాడలో ఆయనకు స్ప్రింగులు చేసే షెడ్డు ఉంది, శ్రీ గంగా స్ప్రింగ్స్. ముప్పై రెండేళ్ళ నుంచి నడుస్తోంది.

"మాకి పాత పార్టీ ఒగటి ఉండె అమ్మా. సరుకంతా వాళ్ళకే పోతా ఉండె. ఇప్పుడు వాళ్ళు చెన్నైలో ఎవుర్నో పెట్టుకున్నారు. డిసెంబరు అయిపోయేలోపల ఇంగో పార్టీ దొరక్కుంటే మిషన్లు అమ్మేసి షెడ్డు ఖాళీ చేస్తా. ఆరు మంది ఉండారు నా దగ్గర. మునిరాజు చేరినప్పుడు వానికి మీసం గూడా రాలేదు. మా ఆశ చెప్పింది, మిస్సుకి ఇంటర్నెట్టు అంతా తెలుసు తాతా అని."

ఆశ తెలివైన పిల్ల. మొదటినుంచీ అంటూనే ఉన్నాను.

"ఒగసారి షెడ్డుకి వచ్చి చూడమ్మా" అన్నారు. ఈ రోజుల్లో అదంతా అవసరం లేదని, అన్నీ ఇంట్లో కూర్చునే చేయవచ్చని వివరించాను. సర్జాపుర నుంచి పీణ్యకు ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి. పూట గడిచిపోతుంది. ఆ మాట మాత్రం ఆయనతో అనలేదు.

నవంబర్ 12, బుధవారం

గంగప్ప గారి వెబ్‌సైట్ పూర్తయింది. "ప్రపంచ స్థాయి స్ప్రింగులు" అని పెట్టాను. ఫ్యాక్టరీ ఫోటో ఇంటర్నెట్‌లో దొరికింది. అందులో తెల్ల కోట్లు వేసుకున్నవాళ్ళు ఉన్నారు, నేలలో ముఖం చూసుకోవచ్చు. పీణ్యలో అలాంటి నేల ఉండదని ఎవరూ చెప్పలేరు.

మ్యాప్‌లో ఆయన పేజీ ఇదివరకే ఉంది. ఆశ వాళ్ళ నాన్న ఎప్పుడో తెరిచాడట. పదకొండు రివ్యూలు ఉన్నాయి. "గుడ్" అని నాలుగు, "ఓకే" అని ఆరు, "పార్కింగ్ లేదు" అని ఒకటి. ముప్పై రెండేళ్ళ వ్యాపారానికి ఇదా పేరు? బాధ కలిగింది.

నవంబర్ 13

వెబ్‌సైట్‌ను ఎవరూ చూడలేదు.

నవంబర్ 14

ఇద్దరు చూశారు. ఒకరు నేను. రెండోవారూ నేనే, శామ్సన్ ఫోన్‌లో.

నవంబర్ 20, గురువారం

గంగప్ప గారు ఫోన్ చేశారు. బొమ్మసంద్రలో ఆసుపత్రి మంచాలు చేసే ఒక కంపెనీ ఉంది. మంచం చక్రాలకు వేసే బ్రేకుల్లో చిన్న స్ప్రింగు ఉంటుందట. దానికోసం ఎవరినో వెతుక్కుంటూ మ్యాప్‌లో ఈయన నంబరు చూసి పలకరించారట. వచ్చే నెల మధ్యలో షెడ్డు చూడటానికి వస్తామన్నారు.

"ఇది దొరికితే చాలమ్మా, ఇంగేమీ వద్దు" అన్నారు. అదే మాట మళ్ళీ అన్నారు. లైన్ సరిగ్గా లేకపోయి ఉండవచ్చు.

వాళ్ళు పేజీ చూశారంటే మళ్ళీ చూస్తారు. చూస్తే "పార్కింగ్ లేదు" కనిపిస్తుంది. దీనికి ఏదో ఒకటి చేయాలి.

నవంబర్ 23, ఆదివారం

చేశాను. చర్చిలో రెండో ఆరాధన అయ్యాక ప్రకటనల సమయంలో పాస్టరు గారి అనుమతితో లేచి నిలబడ్డాను. పీణ్యలో ఒక పెద్దాయన ఉన్నారని, ఆరు కుటుంబాలు ఆయన మీద ఆధారపడి ఉన్నాయని, అందరూ ఫోన్లు తీసి ఆయన పేజీలో రెండు మంచి మాటలు రాసి అయిదు నక్షత్రాలు ఇమ్మని అడిగాను. చర్చి వైఫై పాస్‌వర్డ్ కూడా చెప్పాను. మనవాళ్ళు కష్టంలో ఉన్నవారికి కాదనరు. ఇరవై నిమిషాల్లో ముప్పై ఒక్క రివ్యూలు వచ్చాయి!

ఇంటికి వచ్చి చదివాను.

కరుణక్క రాసింది: "ప్రభువు నామమున అందరికీ వందనములు. నేను పదకొండేళ్ళు నడుము నొప్పితో బాధపడ్డాను. నైట్ డ్యూటీలు చేయలేక ఏడ్చాను. డాక్టర్లు ఆపరేషన్ అన్నారు. ఈ రోజు ఏ ఆపరేషన్ లేకుండా నిలబడి ఉన్నానంటే అది ఆయన కృప మాత్రమే. శ్రీ గంగా స్ప్రింగ్స్ వారిని దేవుడు దీవించును గాక. ఆమెన్."

మరొకరి కూతురికి నర్సింగ్ సీటు వచ్చింది. ఇంకొకరి భర్త తాగుడు మానేశాడు. ఒకావిడ పోయిన చెవికమ్మ మూడు నెలల తర్వాత బియ్యం డబ్బాలో దొరికింది. ముప్పై ఒక్కటీ చర్చిలో లేచి చెప్పుకునే సాక్ష్యాలే. వందనాలతో మొదలై ఆమెన్‌తో ముగిశాయి. ఒక పెద్దాయన మాత్రం నాలుగు నక్షత్రాలే ఇచ్చి, "సంపూర్ణుడు ఆయన ఒక్కడే" అని కారణం రాశారు.

స్ప్రింగు గురించి ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఏకాభిప్రాయం ఉంది.

నవంబర్ 24, సోమవారం

సాంకేతికంగా కొంచెం లోటు కనిపించింది. నాలుగు రివ్యూలు నేనే రాశాను, నాలుగు పేర్లతో. వాటిలో ఒకటి బాగా కుదిరింది. "మా ఆసుపత్రి మంచాలకు మూడేళ్ళుగా గంగా స్ప్రింగ్సే వాడుతున్నాం. నాణ్యతలో రాజీ లేదు. మంజునాథ్, పర్చేజ్ మేనేజర్" అని రాసి, కింద ఆ బొమ్మసంద్ర కంపెనీ పేరు పెట్టాను. రేపు వాళ్ళు ఎలాగూ అనబోయే మాటే కదా. విశ్వాసంతో కాస్త ముందుగా రాశాను.

శామ్సన్ చదివి, "ఇది అబద్ధం కదూ?" అన్నాడు. అది కంటెంట్ అని చెప్పాను.

నవంబర్ 27, గురువారం

పేజీ లేదు.

నవంబర్ 28

పేజీ లేదు. నకిలీ రివ్యూలు ఉన్నాయన్న అనుమానంతో నిలిపివేశారట. ఒకే చోట నుంచి, ఒకే గంటలో ముప్పై ఒక్కటి వచ్చాయట. మరి చర్చి ఒకే చోట కాక ఎన్నిచోట్ల ఉంటుంది?

పాత పదకొండు కూడా పోయాయి. పార్కింగ్ లేదన్నవాడి మాట కూడా పోయింది. ఇప్పుడు ఎవరైనా పీణ్యలో గంగా స్ప్రింగ్స్ అని వెతికితే పక్క వీధిలోని పెయింటు కొట్టు వస్తోంది.

డిసెంబర్ 4, గురువారం

గంగప్ప గారి ఫోన్.

"వారం నుంచి ఒగ్గ ఫోను గూడా రాలేదమ్మా. ముందు దినానికి ఒగటో రెండో వస్తా ఉండె. ఏమైనా తెలుసునా నీకి?"

అప్‌డేట్ జరుగుతోందని చెప్పాను.

"అంటే బాగవుతా ఉందా?"

అవుతోందన్నాను. "సరేమ్మా, నువ్వు ఉండావు కదా" అని పెట్టేశారు. ఆ తర్వాత గంటసేపు ఏ పనీ చేయలేదు. కిటికీలోంచి ఎదురు అపార్ట్‌మెంట్ చూస్తూ కూర్చున్నాను.

స్కూలుకి రాజీనామా నేను ఇవ్వలేదు. ఇమ్మన్నారు. కంప్యూటర్ క్లాసులు బయటి కంపెనీకి అప్పగించేశారు. ఇది ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు. రాసిపెట్టాను.

డిసెంబర్ 9, మంగళవారం

పేజీ తిరిగి రావాలంటే వీడియో పంపాలి. వీధి, బోర్డు, యజమాని తాళం తీయడం, లోపల మిషన్లు, అన్నీ ఎక్కడా ఆపకుండా ఒకే వీడియోలో ఉండాలి. కాబట్టి పీణ్యకు వెళ్ళాను. కొత్త వీడియో అప్‌డేట్‌లో భాగమని గంగప్ప గారికి చెప్పాను. తెరిచి ఉన్న షట్టర్‌ను నా కోసం దించి, తాళం వేసి, మళ్ళీ తీశారు. మూడుసార్లు. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

షెడ్డు చిన్నది. నేలలో ముఖం కనిపించదు. ఒక గోడ నిండా మేకులు, మేకుకొక స్ప్రింగు, స్ప్రింగుకొక చీటీ. ఏ సరుకు పంపినా అందులోంచి ఒకటి తీసి, తేదీ రాసి అక్కడ తగిలిస్తారట. ఎవరైనా బాగాలేదని తిరిగి తెస్తే, గోడ మీది దాన్ని దించి పక్కన పెట్టి చూస్తారు. తప్పు మనదైతే సరుకంతా మళ్ళీ చేసిస్తారు. మొదటి చీటీ 1993 నాటిది.

మూలన మునిరాజు సుత్తితో కొన్ని స్ప్రింగులను కొట్టి వంచుతున్నాడు. పాడైనవట. పారేసేదానికి ఇంత శ్రమ ఎందుకని అడిగాను.

"కొట్టి వంచకుంటే ఎవురో ఏరుకొని పోయి మన పేరు చెప్పి అమ్ముతారమ్మా" అన్నారు గంగప్ప గారు. "మన పేరు మింద చెడ్డ స్ప్రింగు ఒగటి బయటికి పోకూడదు."

వీడియో బాగా వచ్చింది. పంపాను. వెబ్‌సైట్ నుంచి తెల్ల కోట్ల ఫోటో తీసేశాను. ఎవరూ చూడలేదు కాబట్టి ఎవరికీ తెలియదు.

డిసెంబర్ 16, మంగళవారం

బొమ్మసంద్ర కంపెనీ నుంచి హరి గారు వచ్చి షెడ్డు చూసి వెళ్ళారు. ఇంగ్లీషు అవసరం పడుతుందేమోనని గంగప్ప గారు నన్నూ రమ్మన్నారు. అంతా బాగా జరిగింది.

డిసెంబర్ 17, బుధవారం

బాగా జరగలేదు.

మొదట బాగానే ఉంది. హరి గారిది హోసూరు. తెలుగులోనే మాట్లాడారు. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఊరికే నవ్వే మనిషి కాదు. గోడ దగ్గర చాలాసేపు నిలబడి చీటీలు చూశారు. శాంపిళ్ళు తీసుకుని కవర్లో వేసుకున్నారు. గంగప్ప గారు కొత్త చొక్కా వేసుకున్నారు, జేబు మీద ఇంకా మడత ఉంది.

తర్వాత హరి గారు ఫోన్ తీశారు. పేజీ ఇంకా తిరిగి రాలేదు గానీ, పోకముందే వాళ్ళవాళ్ళు దాని ఫోటోలు తీసిపెట్టుకున్నారట. "మూడేళ్ళుగా గంగా స్ప్రింగ్సే వాడుతున్నాం" అన్నదాన్ని పైకి చదివారు.

"కింద మా కంపెనీ పేరుంది. పర్చేజ్ మేనేజర్ మంజునాథ్ అని ఉంది. సార్, మూడేళ్ళుగా పర్చేజ్ మేనేజర్ నేనే. మా దగ్గర మంజునాథ్ అని ఎవరూ లేరు. మీ స్ప్రింగు నేను ఫస్ట్ టైమ్ ఈ రోజే చూస్తున్నా. ఇది ఎవరు రాశారు?"

గంగప్ప గారు నా వైపు చూశారు. ఒక్క క్షణమే. ఆ క్షణంలో ఆయనకు అంతా అర్థమైందని నాకు అర్థమైంది.

"నేనే రాపిచ్చినా సార్" అన్నారు. "బయట ఎవురితోనో. ఈయమ్మకి ఏమీ తెలీదు."

నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. తరగతి గదిలో పిల్లలు తప్పు ఒప్పుకోకపోతే గంటసేపు నిలబెట్టేదాన్ని. ఇక్కడ నన్నెవరూ నిలబెట్టలేదు.

హరి గారు వెళ్ళాక గంగప్ప గారు కాఫీ తెప్పించారు. చక్కెర సరిపోయిందా అని మాత్రం అడిగారు. తాగాను. తాగి ఇంటికి వచ్చేశాను.

డిసెంబర్ 19, శుక్రవారం

హరి గారి నుంచి ఈమెయిల్. గంగప్ప గారి ఈమెయిల్ చూసేది నేనే కాబట్టి ముందు నాకే తెలిసింది. రివ్యూ అబద్ధం రాయించే యజమాని రేపు టెస్టు సర్టిఫికెట్ కూడా అబద్ధం రాయించగలడట. ఆ మంచం మీద పడుకునేది రోగి కాబట్టి తాము ముందుకు వెళ్ళలేమట. మర్యాదగా, నాలుగు వాక్యాల్లో రాశారు.

ఫోన్ చేసి చదివి వినిపించాను.

"సరేలేమ్మా" అన్నారు. "షెడ్డు ఓనరుకి చెప్పేస్తా."

డిసెంబర్ 20

ఈ రోజు రాయడానికి ఏమీ లేదు.

డిసెంబర్ 21, ఆదివారం

చర్చిలో కరుణక్క పట్టుకుంది. "ఏమ్మా, ఆ పెద్దాయన స్ప్రింగులు ఎట్టా ఉన్నాయి? రోజూ ప్రార్థనలో పెడుతున్నా."

ఆవిడ మీద అరిచాను. మీ నడుము నొప్పుల వల్లే అంతా పోయిందన్నాను. స్ప్రింగుల గురించి రాయమంటే స్ప్రింగుల గురించి రాయాలని అన్నాను.

కరుణక్క చిన్నబోయింది. "మాకా స్ప్రింగులు తెలీవు గదమ్మా. చూడనిదాని గురించి ఏం రాస్తాం? మంచి మాట రాయమన్నావు. మాకు జరిగిన మంచి రాశాం."

ఇంటికి వచ్చాక ఆ మాటే ఆలోచిస్తూ కూర్చున్నాను. నిజమే. ఆవిడ నడుము నిజం. నర్సింగ్ సీటు నిజం. చెవికమ్మ బియ్యం డబ్బాలో దొరకడం నిజం. ముప్పై అయిదింటిలో అబద్ధాలు నాలుగే. ఆ నాలుగూ నావి. సిగ్గుగా ఉంది. ఇంకో మాట ఏదీ దొరకడం లేదు.

కరుణక్కకు ఫోన్ చేసి క్షమించమన్నాను. క్షమించింది. తర్వాత అరగంట ప్రార్థన చేసింది, ఫోన్‌లోనే.

డిసెంబర్ 23, మంగళవారం

పొద్దున బొమ్మసంద్ర వెళ్ళాను. సెక్యూరిటీ వాళ్ళు ఏ కంపెనీ నుంచి అని అడిగితే కంపెనీ లేదు, మనిషినే వచ్చానన్నాను. గంటన్నర కూర్చోబెట్టారు.

హరి గారికి అంతా చెప్పాను. మంజునాథ్‌ను నేనే పుట్టించానని, గంగప్ప గారికి ఆ రివ్యూల సంగతే తెలియదని, ఆయన నా కోసం అబద్ధం ఆడారని.

"ఆ రోజు అక్కడే ఉన్నారు కదా మేడమ్. ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డాను."

ఆయన ఫోన్ తీసి ఆ ఫోటోలు చూపించారు. "మరి మిగతావి? బ్యాక్ పెయిన్, తాగుడు, అవి?"

"అవన్నీ నిజమే. ఎవరి నడుములు వాళ్ళవే. స్ప్రింగులతో సంబంధం లేదు."

"మా మంచం మీద పడుకున్నారేమో అనుకున్నా" అన్నారు. నవ్వలేదు.

ఇదంతా రాసి సంతకం పెడతారా అని అడిగారు. రాశాను. ఒక పేజీ. ఇన్ని వారాల్లో కొట్టివేతలు లేకుండా రాసింది అదొక్కటే. ఆయన రెండుసార్లు చదివారు.

"శాంపిల్స్ లాస్ట్ వీక్‌లోనే పాస్ అయ్యాయి మేడమ్. ఆగింది దీని దగ్గరే. మా క్వాలిటీ వాళ్ళకి చూపించి, ఈ రోజే ఆయనతో మాట్లాడతా. కానీ ఈ పేపర్ ఫైల్లో ఉంటుంది. మా వెండర్స్ అందరికీ తెలుస్తుంది. ఈ సైడ్ మీకు వర్క్ దొరకడం కష్టం."

తెలుసన్నాను. నిజానికి ఆయన అన్నాకే తెలిసింది.

అక్కడినుంచి మెట్రో ఎక్కి, మధ్యలో మారి, పీణ్యకు వెళ్ళాను. గంగప్ప గారికి నా నోటితో నేనే చెప్పాలనుకున్నాను. నేను చేరేసరికి మిషన్లన్నీ నడుస్తున్నాయి. మునిరాజు ఎదురొచ్చి, "మేడమ్, బొమ్మసంద్ర వాళ్ళు ఫోన్ చేసినారు! జనవరి నుంచి ఆర్డరంట, ఆరు నెలలు ట్రయలంట!" అని అరిచాడు. మిషన్ల మోతలో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

గంగప్ప గారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేవలేదు. ముఖం చిటపటలాడుతోంది. ఆయనకు కోపం రావడం నేను చూడటం ఇదే మొదటిసారి.

"ఎవురు చెప్పమన్నారమ్మా నిన్ను? నేను చెప్పేసినా కదా, ముగిసిపాయ కదా. సంతకం గూడా పెట్టిచ్చినావంట. ఇంగ ఆ పక్క నీకి ఎవురు పనిస్తారు?"

నాకూ కోపం వచ్చింది. మీరెందుకు మీ మీద వేసుకున్నారని అడిగాను. ఆర్డర్ పోతుందని మీకు తెలియదా అన్నాను. ముప్పై రెండేళ్ళుగా చెడ్డ స్ప్రింగు ఒకటి బయటకు పోనివ్వని మనిషి, నేను రాసిన చెత్తను మీదే అని ఎలా అన్నారని గట్టిగానే అడిగాను. ఈ ఆరుగురు ఏమైపోవాలని అడిగాను.

"వీళ్ళ చేతిలో పని ఉండాది. ఎక్కడికి పోయినా తీసుకుంటారు. వాళ్ళనీ అడిగినా నేను, ఆ దినమే, నువ్వు పోయినాక. మునిరాజే అన్నాడు, పోనీలే సామీ అని."

ఆయన గొంతు తగ్గించారు. వినడానికి ముందుకు వంగాల్సి వచ్చింది.

"నాకి డెబ్బై ఒగటి. నేను మూసేస్తే, వయసైపాయ పాపం అంటారు. ఎవురూ ఏమీ అనుకోరు. నువ్వు ఇప్పుడే కదమ్మా తెరిచింది."

పక్కనే చుట్ట చుట్టిన తీగ ఉంటే దాని మీద కూర్చుని ఏడ్చాను. మిషన్లు నడుస్తున్నాయి కాబట్టి ఎవరికీ వినపడలేదనే అనుకుంటున్నాను. మునిరాజు మాత్రం వెళ్ళి అన్నిటినీ ఒక్కొక్కటిగా ఆపేసి, అందరికీ కాఫీ చెప్పాడు.